తగవు ఎవరు పెట్టారు?
హిస్పానిక్ వలసదారులు వచ్చి నల్లజాతివారి కూటికి గండి కొట్టారన్న మాట అమెరికా దక్షిణాది ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. నార్త్ కరోలినాలోని టార్ హీల్‌నే చూడండి. 1992లో తెరిచిన స్మిత్‌ఫీల్డ్ పందిమాంసం ఫ్యాక్టరీ ఉందక్కడ. యూనియన్ రాకుండా చట్టాన్ని మీరి మరీ అడ్డుపడింది యాజమాన్యం. పొరుగువాడు కాదు. 2006 నవంబరులో, కాగితాలు సరిగా లేవంటూ వలస కార్మికులను తీసేస్తే వందలమంది పని ఆపి బయటికొచ్చారు. మరుసటి జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి సెలవు కావాలని నల్లవాళ్లతో కలిసి లాటినోలూ అడిగారు. చెమట కలిసినచోట స్నేహం పుడుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ నెలలోనే ఇమ్మిగ్రేషన్ అధికారులు 21 మందిని పట్టుకుపోయారు. భయంతో ఎందరో పని మానేశారు. 2008 డిసెంబరులో కార్మికుల ఓటింగులో యూనియన్ గెలిచింది. ముందుగా గేటు దాటి బయటికొచ్చిన వలస కార్మికుల్లో చాలామందికి ఆ ఓటు వేసే అవకాశమే దక్కలేదు.