కుక్కకు అన్నం పెట్టడం తప్పు కాదు

పలాస-కాశీబుగ్గలోనూ, టెక్కలిలోనూ, ఉద్దానం పల్లెల్లోనూ కుక్కను పెంచేవాళ్ల మధ్య ఇప్పుడొక మాట పాతుకుపోయింది. అన్నం పెడితే కుక్క పాడైపోతుందట, వెంట్రుకలు ఊడతాయట, కిడ్నీలు పోతాయట. ప్యాకెట్ ఒక్కటే సైన్సట. కుక్కపిల్లను అమ్మినవాడు ఇదే చెబుతాడు, సంచులు అమ్మే కొట్టువాడు ఇదే చెబుతాడు, ఫోన్లో వీడియోలూ ఇదే ఊదరగొడతాయి. జీడిపప్పు బట్టీల్లో కూలికి వెళ్లే ఇళ్లలో కూడా కిలోకు రెండు మూడు వందలు పోసి ఆ గుళికలు కొంటున్నారు. కొనలేని నెలలో అన్నం కలిపి పెట్టి, అడిగినవాళ్ల ముందు ఏదో నేరం చేసినట్టు నసుగుతున్నారు. వాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ మాటే తప్పు.

ముందు ఆ ప్యాకెట్లో ఏముందో చూద్దాం. ముందువైపు ఎర్రటి మాంసం ముక్కలు, పచ్చటి కూరగాయలు, నిగనిగలాడే కుక్క బొమ్మ. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా. మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడుపోయే చవక రకాల్లో ఆ జాబితా సాధారణంగా ధాన్యాలు, ధాన్యపు ఉప ఉత్పత్తులతోనే మొదలవుతుంది. అంటే మొక్కజొన్న, గోధుమ, నూకలు, తవుడు. కోడి, మాంసం వగైరాలు ఆ తర్వాత. జాబితా బరువు ప్రకారం రాస్తారు, ఎక్కువ బరువున్నది ముందుంటుంది. అన్నం విషమని ఏ ప్యాకెట్‌ను చూపించి చెబుతున్నారో, ఆ ప్యాకెట్లో మొదటి పదార్థం అన్నానికి అన్నదమ్ములే.

దాని కిందే ఇంకో నాలుగు అంకెలుంటాయి. ప్రొటీన్ కనీసం 20 శాతం, కొవ్వు కనీసం 10, పీచు గరిష్ఠంగా 5, తేమ గరిష్ఠంగా 12 అని ఒక మామూలు సంచి మీద ఉందనుకుందాం. కూడితే 47. ఖనిజాల బూడిద మరో 8 దాకా ఉంటుంది. మొత్తం 55. మిగతా 45 శాతం ఏమిటి? పిండిపదార్థం. ఆ అంకెను మాత్రం సంచి మీద వేయరు. కాగితం మీద తీసివేత చేసుకుంటే గానీ బయటపడదు. దాదాపు సగం పిండే ఉన్న తిండిని మాంసం బొమ్మ వేసి అమ్ముతూ, ఇంట్లో అన్నం పెట్టేవాణ్ని వెనకబడినవాడంటున్నారు.

పిండిపదార్థం కుక్కకు పడదనే వాదం కూడా నిలవదు. 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు తోడేళ్ల జన్యువులనూ కుక్కల జన్యువులనూ పోల్చి చూశారు. పిండిని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు ప్రతులు తోడేళ్లలో రెండే ఉన్నాయి. కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా కనిపించాయి. వేల ఏళ్లు మనిషి గుమ్మం ముందు బతికి, మనిషి తినగా మిగిలింది తిని, కుక్క ఒళ్లు ఆ తిండికి అలవాటుపడింది. మన తోటల్లో కాపలా తిరిగే నాటు కుక్కలు చోడి అంబలి మీదా గంజన్నం మీదా తరాలుగా బతికాయి. బాగా ఉడికిన అన్నం కుక్కకు తేలిగ్గా అరుగుతుంది. విరేచనాలు పట్టుకున్న కుక్కకు పశువుల డాక్టర్లు రెండు రోజులు ఉడికించిన కోడిమాంసం, అన్నం పెట్టమనడం మామూలే.

ప్రొటీన్ 20 శాతం అన్న అంకెను కూడా గుడ్డిగా నమ్మలేం. ప్రయోగశాలలో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. ఆహారంలో ఉన్న నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. ఆ లెక్కలో కోడిగుడ్డు నత్రజని, కోడి ఈకల నత్రజని ఒకటే. కుక్క కడుపుకి మాత్రం రెండూ ఒకటి కావు, గుడ్డు దాదాపు పూర్తిగా అరుగుతుంది, ఈక అరగదు. ఈ లెక్కలోని లొసుగు ఎంత దూరం పోగలదో 2007లో ప్రపంచం చూసింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో ప్రొటీన్ ఎక్కువున్నట్టు కనబడాలని మెలమైన్ కలిపారు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ ఆ మార్చిలో సుమారు 6 కోట్ల డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి పిలిపించింది. అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకుని, కిడ్నీలు ఆగి చచ్చిపోయాయి.

ఉద్దానంలో కిడ్నీ అనే మాటతో ఆటలాడకూడదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆ జబ్బు చూడని ఊరు దొరకదు. మనుషుల్లో దానికి అసలు కారణమేమిటో పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, తాగునీటికి హిరమండలం నుంచి గొట్టాలు వేశారు. అంత గాయం ఉన్న చోట, కుక్కకు అన్నం పెడితే కిడ్నీ పోతుందని చెప్పి సంచి అమ్మడం మన భయాన్ని సొమ్ము చేసుకోవడమే. ఆ మాటకు శాస్త్రాధారం లేదు. కిడ్నీ జబ్బు వచ్చిన కుక్కకు తగ్గించాల్సింది ముఖ్యంగా భాస్వరం. తెల్లన్నంలో అది తక్కువ. అసలు కిడ్నీ జబ్బు కుక్కల కోసం డాక్టర్లు రాసే ప్రత్యేక ప్యాకెట్ల జాబితా చదవండి. చాలావాటిలో ముందు కనబడేవి బియ్యం, మొక్కజొన్నలే.

పలాస జనం సరుకు చూడ్డం చేతకానివాళ్లు కారు. జీడిపిక్కల బస్తా దిగితే గుప్పెడు తీసి కోసి, పప్పు ఎంత దిగుతుందో, పుచ్చు ఎంతో లెక్క కట్టకుండా ఎవరూ బేరం ఆడరు. డబ్ల్యూ-240 అంటే పౌనుకు ఎన్ని పప్పులు తూగాలో, డబ్ల్యూ-320కి ఎన్నో, బట్టీలో ఏరే ఆడవాళ్లకు కంటి చూపుకే తెలుస్తుంది. డబ్బా మీద బొమ్మ చూసి జీడిపప్పు కొనే మనిషి ఈ ఊళ్లో లేడు. అలాంటి ఊరు కుక్క తిండి దగ్గరికొచ్చేసరికి బొమ్మనీ ధరనీ నమ్మేస్తోంది.

ధర కూడా కొలబద్ద కాదు. కాస్త డబ్బున్నవాళ్లు ఇప్పుడు ధాన్యం లేని రకాల వైపు వెళ్తున్నారు. ధాన్యం తీసేసి అందులో వేసేది ఎక్కువగా బఠానీ, పప్పుధాన్యాలు, బంగాళాదుంప. పిండి ఎక్కడికీ పోలేదు, పేరు మారిందంతే. అలాంటి తిండి తిన్న కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు వస్తోందన్న ఫిర్యాదుల మీద అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 జూలైలో విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదేనని తేల్చడానికి ఆధారాలు చాలవని తర్వాత చెప్పింది. అయినా రెండింతలు ధర పెట్టి కొనేంత మేలు ఉందని కూడా ఎవరూ చూపించలేదు. తాజా కోడిమాంసం మొదటి పదార్థమని గొప్పగా రాసే సంచుల్లోనూ ఒక కిటుకుంది. పచ్చి కోడిలో సుమారు 70 శాతం నీరే. ఆ తడి బరువుతో జాబితాలో మొదటి చోటు దొరుకుతుంది. గుళికగా ఎండాక కోడి మూడో వంతుకు తగ్గిపోతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది విడిగా అమ్మకం. పెద్ద సంచి మూతి విప్పి, కొట్టు ముందు పెట్టి, కిలో అరకిలో తూచి పాలిథిన్ కవర్లో పోసిస్తారు. ఆ కవరు మీద పేరుండదు, తయారైన తేదీ ఉండదు, పదార్థాలూ ఉండవు. గుళికల పైన చల్లిన కొవ్వుకు గాలి తగిలితే కమురు వాసన వస్తుంది. మనది సముద్రపు గాలి. వర్షాకాలంలో గోడకు ఆనించిన బియ్యం బస్తాకే బూజు పడుతుంది. మొక్కజొన్న ఉన్న తిండికి పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది కుక్క కాలేయాన్ని తినేస్తుంది. 2020 చివర్లో అమెరికాలో స్పోర్ట్‌మిక్స్ అనే రకంలో ఆ విషం బయటపడింది, వందకు పైగా కుక్కలు చచ్చిపోయాయి. మూసిన సంచిలో, లెక్కలు రాసుకునే దేశంలో జరిగిన సంగతి ఇది. వారాల తరబడి మూతి తెరిచి ఉన్న సంచిలోంచి గరిటెతో తోడి ఇచ్చినదానికి పూచీ ఎవరిది?

చట్టం కూడా మనకు అండగా లేదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం పశువుల మేతను తన నిర్వచనంలోంచి తప్పించింది. అంటే మన బిస్కట్ ప్యాకెట్ మీద ఉండే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిఘా కుక్క తిండికి లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ పెంపుడు జంతువుల తిండికి ఒక ప్రమాణం రాసిపెట్టింది గానీ దాన్ని పాటించి తీరాలన్న నిర్బంధం పెట్టలేదు. సంచి మీద తెలుగు ముక్క కనబడటం అరుదు. మార్స్ సంస్థ కుక్కల తిండి ఫ్యాక్టరీ సిద్దిపేట జిల్లాలోనే ఉంది. తెలుగు నేల మీద ఇంత పెద్ద ఫ్యాక్టరీ నడుస్తున్న సరుకు గురించి తెలుగువాళ్లు తమ భాషలో నాలుగు ముక్కలు చదువుకోలేకపోవడం న్యాయం కాదు.

ఇంత చెప్పి, ఇంటి తిండి అంతా మంచిదేనంటే నేనూ అబద్ధమాడినట్టే. ఉత్త పెరుగన్నం మీద కుక్క బతుకుతుంది గానీ బలంగా ఉండదు. పన్నెండు కిలోల కుక్కకు రోజుకు సుమారు 700 కేలరీలు కావాలి. అదంతా అన్నంతోనే నింపితే అర కిలో పైన అన్నం పెట్టాలి, అందులో ప్రొటీన్ 15 గ్రాములు దాటదు. కావాల్సింది కనీసం 30. వెంట్రుకలు రాలుతున్నాయంటే చాలాసార్లు లోపం ఇక్కడుంటుంది. అన్నం ఉండటం వల్ల రాలడం లేదు, పక్కన ఏమీ లేకపోవడం వల్ల రాలుతున్నాయి. అన్నాన్ని 300 గ్రాములకు తగ్గించి, ముళ్లు తీసిన ఉడికించిన కవళ్లో మరో చవక చేపో వంద గ్రాములు, ఒక ఉడికిన గుడ్డు, చెంచాడు నూనె, గుమ్మడో ములగాకో కాస్త కలిపితే కేలరీలూ ప్రొటీనూ రెండూ సరిపోతాయి. భావనపాడు నుంచి బారువ దాకా ఒడ్డు పొడుగునా చేప దొరికే ప్రాంతం మనది. సీమ జిల్లాలవాళ్లకు లేని వసతి ఇది.

ఆ పళ్లెంలోనూ సున్నం లోటే. గుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా దంచితే అర చెంచాలో సుమారు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది. ఈ కుక్కకు రోజుకు అది చాలు. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ మాత్రం వంటింట్లో సరిగా కుదరవు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంవాళ్లు పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ ఉన్న 200 ఇంటివంటల్ని 2013లో లెక్కగట్టి చూస్తే, 95 శాతం వాటిలో ఏదో ఒక పోషకం తక్కువైంది. అందుకే పశువుల డాక్టరును అడిగి ఒక ఖనిజ, విటమిన్ల పొడి కలపాలి. ఆ పొడి డబ్బా ఖర్చు నెల తిరిగే సంచి ఖర్చు ముందు చిన్నది.

మన వంటింట్లో కొన్ని నిజంగానే ప్రమాదం. చేపల పులుసు అలాగే పోయకూడదు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని చంపుతాయి. ఉడికిన కోడి ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. పచ్చి చేప వద్దు. ఉప్పు చేప అసలు వద్దు, ఎండుచేప పెట్టాలంటే ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్లు కడిగి ఉడికించి పెట్టండి. బట్టీల చుట్టూ తిరిగే కుక్కలకు పప్పు బద్దలు గుప్పెళ్లతో వేయడం మన దగ్గర ముద్దు. జీడిపప్పులో దాదాపు 45 శాతం కొవ్వు. ఒక్కసారిగా ఎక్కువ తింటే క్లోమం వాచి కుక్క ప్రాణం మీదికొస్తుంది. జీడిపిక్క పైపెంకు నూనె నోరు కాలుస్తుంది, అది ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ప్యాకెట్ నిజంగా అక్కరకొచ్చే సందర్భాలున్నాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్ల ఎదిగే ఏడాదిలో కాల్షియం, భాస్వరం పాళ్లు తప్పితే కాళ్లు వంకరపోతాయి. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. ఆ లెక్క ఇంట్లో కుదరదు. ఎదిగే పిల్లలకు సంపూర్ణ ఆహారమని స్పష్టంగా రాసిన మూసిన సంచి కొనుక్కోవడమే మంచిది. కిడ్నీ జబ్బు ఖాయమైన కుక్కకు కూడా డాక్టరు రాసిన ప్రత్యేక తిండి పనిచేస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఆ తిండి తిన్న కుక్కలు మామూలు ప్యాకెట్ తిన్నవాటికన్నా ఎక్కువ కాలం బతికాయి. గమనించండి, అక్కడ ఓడిపోయింది కూడా మామూలు ప్యాకెట్టే. పగలంతా ఇంట్లో మనిషి లేని కుటుంబాలకూ ప్యాకెట్ వీలు. వీలు కోసం కొంటున్నామని తెలిసి కొనండి, అన్నం విషమని భయపడి కొనకండి.

టెక్కలిలో గానీ కాశీబుగ్గలో గానీ కొట్టుకెళ్లినప్పుడు సంచి వెనక్కి తిప్పండి. మొదటి మూడు పదార్థాలు చదవండి, చదవడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని తీసుకెళ్లండి. నాలుగు అంకెలూ, బూడిదకు మరో 8 కూడి వందలోంచి తీసేయండి. సంపూర్ణ ఆహారమన్న మాట, ఏ వయసు కుక్కకో, తయారైన తేదీ, కంపెనీ చిరునామా ఉన్నాయో లేదో చూడండి. విడిగా తూచి ఇచ్చేది ఎంత చవకైనా కొనకండి. పశుసంవర్ధక శాఖవాళ్లకు ఒక విన్నపం. రేబిస్ టీకాల శిబిరాలకు జనం కుక్కల్ని పట్టుకుని వస్తారు. ఆ రోజు ప్రతి ఒక్కరి చేతిలో తెలుగులో ఒక్క పేజీ పెట్టండి, సంచి ఎలా చదవాలో ఒక పక్క, అన్నం పళ్లెం ఎలా నింపాలో రెండో పక్క.