పావగడ లెక్కలో రాలిపోయిన అంకెలు

1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ లెక్కలో 0.506127 బదులు 0.506 వేస్తే, కొన్నాళ్లు కలిసి నడిచిన రెండు ఫలితాలు తర్వాత పొంతన లేకుండా విడిపోయాయి. ఇలాంటి తేడాలను వివరించే గందరగోళ సిద్ధాంతం (కేయాస్ థియరీ) నిర్వాహకులకు చెప్పేది ఇదే: చిన్నదని వదిలేసిందే రేపు పెద్దదవుతుంది. కర్ణాటకలోని పావగడ రైతుకు ఇది కొత్త కాదు. శనక్కాయ ఊడలు దిగే వేళ ఒక్క పదును తప్పితే ఏడాది పంట పోయినట్టే. అలాంటి నేలపై తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టినప్పుడు భూమి కొనకుండా కౌలుకు తీసుకోవడం మంచి వ్యూహం. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన కురిసినా కురవకపోయినా హక్కు రైతుదే, రాబడీ రైతుదే. కానీ ఆ లెక్క పట్టా ఉన్నవాళ్ల దగ్గరే ఆగింది. కలుపు తీసి, కాయలు ఒలిచి బతికిన కూలీలు, బీళ్లలో గొర్రెలు మేపుకున్నవాళ్లు దశాంశం తర్వాతి అంకెల్లా రాలిపోయారు. ఇది ముమ్మాటికీ ప్రణాళిక లోపం. ఇకపై ఒక్క ఎకరా తీసుకోవాలన్నా ముందు ఆ ఊరి కూలీల జాబితా రాయండి, కౌలు ఒప్పందంలో వాళ్లకూ వాటా పెట్టండి.