టిక్కీలు ఏసీలో, నేను ఇంట్లో

మా వైపు ఏసీ అంటే గదిలో చల్లగాలి కొట్టే మిషన్ కాదు, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ. 2025 ఫిబ్రవరిలో మా నాన్న 60 టిక్కీల తేజ మిర్చి గుంటూరు ఏసీలో పెట్టాడు. అంతకుముందు ఏడాది 20 వేలు దాటిన క్వింటా 11 వేల దగ్గర కూలబడింది. కేంద్రం 11,781 రూపాయలు ప్రకటించినా, "దానికి కోత కూలీ కూడా కలిసిరాదురా" అన్నాడు. రేటు వచ్చేదాకా ఆగుదాం అనుకున్నాడు.

నేనూ అలాగే ఆగి ఉన్నాను. బీటెక్ 2023లో అయిపోయింది. చేతిలో ఆఫర్ లెటర్ ఉంది. జాయినింగ్ డేటు మూడుసార్లు జరిగింది, నాలుగోసారి "సారీ" అని మెయిల్ వచ్చింది. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. ఆధార్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. ఆన్‌లైన్ ఫారాలు నింపినవాళ్లకి ఆ బాధ తెలుసు!

అప్పుడే ఒక కన్సల్టెన్సీ అతను ఫోన్ చేశాడు. బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇస్తాడట. రెండున్నర లక్షలు. 60 టిక్కీలంటే దాదాపు 24 క్వింటాళ్లు, అప్పటి రేటుకు సరిగ్గా ఆ పైచిలుకే. నాన్న లెక్క కట్టి, "తీసి అమ్మేద్దాం, నీ జీవితం ముఖ్యం" అన్నాడు. నిజం చెప్పనా? నేను ఊ అనబోయాను.

ఊ అనేముందు అతన్ని మూడు అడిగాను. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత మెయిల్ నుంచే వస్తుందా? ఆ రెండేళ్లకీ నా పీఎఫ్ ఖాతాలో జమలు కనిపిస్తాయా? డబ్బు మొదటి జీతం వచ్చాక ఇస్తే సరేనా? మూడోదానికే ఫోన్ పెట్టేశాడు. మీకూ ఎవరైనా ఇలా చేస్తే రెండో ప్రశ్న మాత్రం మర్చిపోకండి. ఈ రోజుల్లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ చూస్తారు. లేని ఉద్యోగానికి పీఎఫ్ ఉండదు కాబట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ అక్కడే దొరికిపోతుంది.

"పాజిటివ్‌గా ఉండండి" అని రీల్స్‌లో చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నాకు పనికొచ్చింది మా తాత కథ. ఆయన పత్తి రైతు. 1987-88లో తెల్లదోమ పడి, ఎన్ని మందులు కొట్టినా చావక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మొత్తం పోయింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. మా తాత మరుసటి ఏడు అదే నేలలో మిర్చి, శనగ వేశాడు. ఒక్క ఎకరం మాత్రం పత్తికే ఉంచాడు. ధైర్యమా తాతా అంటే, "ధైర్యమెక్కడిదిరా, అప్పు తీరాలిగా" అనేవాడు.

నాకు ఆ ఒక్క ఎకరం బుర్రలో తిరిగింది. మార్చిలో గుంటూరులో మేనత్త ఇంట్లో దిగి, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాను. నెలకు 12 వేలు. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా కోడింగ్. అది నా పత్తి ఎకరం. కొన్ని రాత్రులు ల్యాప్‌టాప్ మీదే నిద్రపోయాను, మిర్చి ఘాటుకి కళ్లు మండి కొన్ని రాత్రులు అసలు తెరవనేలేదు.

మొదటివారం సిగ్గేసింది. కాలేజీ ఫ్రెండ్ ఒకడు వాళ్ల నాన్నతో సరుకు తెచ్చి, కాటా పక్కన చీటీలు రాస్తున్న నన్ను చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే గుచ్చుకుంది. కొట్లో రైతుల లెక్కలు రాత్రి ఎనిమిదైనా తేలేవి కావు. టిక్కీలు, తూకం, రేటు, ఖర్చులు పెడితే రైతుకి ఎంత రావాలో చూపించే ఎక్సెల్ షీటు ఒకటి చేశాను. గొప్ప ప్రోగ్రామేం కాదు. కానీ "అబ్బాయ్, ఇంటికి పోదాం పద" అని ఓనరు ఆరున్నరకే షట్టర్ దించాడు.

ఆ జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామంది. అనుభవం ఉన్నవాళ్లే మళ్లీ రెజ్యూమె దిద్దుకునే రోజులు. ఇంజినీరింగ్ అయినవాళ్లకు నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్పులు ఉంటాయి, స్టైపెండ్ ఇస్తారు. నేను వాటికీ పెట్టాను, ఎక్కడా పిలవలేదు. ఆగస్టులో విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పిలిచింది. ప్రాజెక్టు గురించి చెప్పమంటే, క్లాసులో సగంమంది కాపీ కొట్టిన లైబ్రరీ ప్రాజెక్టు వదిలేసి టిక్కీల షీటు చూపించాను. తడిసిన సరుకుకి తూకం ఎలా సరిచేశావని వాళ్లు, తేమ ఎలా చూస్తారని నేను, అరగంట అదే మాట్లాడుకున్నాం. సపోర్ట్ ఉద్యోగం ఇచ్చారు. జీతం పాత లెటర్‌లో ఉన్నదానికంటే తక్కువే. అందరికీ ఇలాగే కలిసొస్తుందని నేను చెప్పను. నాతోపాటు రాసిన మా రూమ్మేటు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు, నాకంటే కోడింగ్ బాగా వచ్చు వాడికి.

టిక్కీలా? దాచితే రేటు పెరగొచ్చు, కానీ అద్దె పెరుగుతుంది, రంగు తగ్గుతుంది. నాన్న సగం జూన్‌లో వచ్చిన రేటుకే అమ్మి, మందుల కొట్టు బాకీ కట్టాడు. మిగతా 30 ఏసీలోనే ఉంచాడు. నేను కొట్టు మానేసినా వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాలేదు. పొద్దున పదింటికల్లా ఫోన్ వస్తుంది. తిన్నావా అని కూడా అడగడు.

"ఏరా, ఇవాళ తేజ ఎంత?"