రాయితీల వేలంపాటలో మన వాటా ఏది?

ద్రాక్షారామం నుంచి యానాం వైపు పనిమీద వెళ్ళినవాళ్ళు అక్కడే బండికి పెట్రోలు పోయించుకుని వస్తుంటారు. యానాం పుదుచ్చేరి కింద ఉంది, పన్ను తక్కువ, ధరా తక్కువ. దీనివల్ల అదనంగా పెట్రోలు వాడకమేమీ పెరగదు. మన ఖజానాకు రావలసిన పన్ను మాత్రం సరిహద్దు దాటిపోతుంది. విదేశీ పెట్టుబడుల కోసం రాష్ట్రాలూ దేశాలూ పడుతున్న పోటీ కూడా చాలావరకు ఇలాంటిదే. కాకపోతే అక్కడ లెక్క వేల కోట్లలో ఉంటుంది.

2017లో కియా కార్ల కర్మాగారం కోసం మన రాష్ట్రమూ తమిళనాడూ పోటీపడ్డాయి. చివరికి అది పెనుకొండకు వచ్చింది. 2025 అక్టోబరులో విశాఖ డేటా సెంటర్‌కు గూగుల్‌తో ఒప్పందం కుదిరినప్పుడు, ఆంధ్ర 22 వేల కోట్ల రాయితీలిచ్చిందని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శించారు. రాయితీలిచ్చి కంపెనీలను పిలవడంలో కర్ణాటకా వెనకబడి లేదు.

ఉద్యోగాలు రావడం లేదా అని అడుగుతారు. వస్తున్నాయి. ప్రత్యేక ఆర్థిక మండలాల చట్టం (2005) కింద తొలి అయిదేళ్ళు ఎగుమతి లాభాలపై ఆదాయపు పన్ను పూర్తిగా మినహాయించారు. అలాంటి మండలమే అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ నెలకొల్పిన దుస్తుల పార్కు. అక్కడ పనిచేసే వేలాదిమందిలో అత్యధికులు స్త్రీలు. ఆడపిల్ల చేతికి సొంత జీతం రావడం చిన్న విషయం కాదు. కానీ 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడ విషవాయువు పీల్చి వందలాది స్త్రీలు ఆసుపత్రి పాలయ్యారు. పన్ను మినహాయింపుకు బదులుగా ప్రాణరక్షణకు హామీ అడగలేమా?

ఇక రెండో వైపు చూద్దాం. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్త గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు. 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే వాళ్ళకు ఎదురైంది ఎస్మా. కంపెనీలకు సమ్మె చేయవలసిన అవసరమే రాదు. పక్క రాష్ట్రం పేరెత్తితే చాలు. పెట్టుబడికి కాళ్ళున్నాయి, అంగన్‌వాడీకి ఊరు దాటి పోయే దారి లేదు. బేరమాడే శక్తి ఎవరికి ఉందో ఇక్కడే తెలుస్తుంది.

పెద్ద బహుళజాతి సంస్థలపై కనీసం 15 శాతం పన్ను ఉండాలని 2021లో 130కి పైగా దేశాలు అంగీకరించాయి. దేశాలు ఒక గీత గీయాలనుకున్నప్పుడు మన రాష్ట్రాలు ఎందుకు గీసుకోకూడదు?

పరిశ్రమలు వద్దని మనం అనడం లేదు. ప్రతి రాయితీ ఒప్పందాన్నీ తెలుగులో బయటపెట్టాలి. ఎంత పన్ను వదులుకున్నారో, ఎందరు స్త్రీలకు ఏ జీతంతో పని దొరికిందో ఏటా చెప్పాలి. భద్రత, శిశు సంరక్షణ కేంద్రం, సంఘం పెట్టుకునే హక్కు లేనిచోట రాయితీని వెనక్కి తీసుకోవాలి. వదులుకున్న ప్రతి రూపాయీ మన బడికీ ఆసుపత్రికీ చెందవలసినదే. దాని లెక్క అడిగే హక్కు మనకుంది.