చక్రపు హోరు, డ్రైవరు మాట

పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున ఉన్న పాత వీధులు గీత గీసినట్లు తిన్నగా ఉన్నవి. అక్కడ తపాలా మోటారు నెమ్మదిగానే నడవగలదు. చక్రపు బేరింగు అరిగినదని డ్రైవరు వ్రాసి ఇచ్చినప్పుడు, బండిని ఆ రెండు వీధులు త్రిప్పి "శబ్దము లేదు" అని తేల్చివేయుటను మేము అంగీకరించము. ఆ హోరు వేగముతో హెచ్చుతుంది. విల్లుపురం రోడ్డు మీద వినవలెను. టైరు శబ్దమైతే రోడ్డు మారగానే మారుతుంది, బేరింగుది అంతగా మారదు. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రములపై పడుతుంది; అప్పుడు హోరు పెరిగినచో సాధారణముగా దోషము కుడివైపుననే. పిమ్మట జాకీపై లేపి చక్రమును ఊపి, త్రిప్పి చూడవలెను. చక్రము ఊడినచో ముందుగా ప్రాణాపాయము డ్రైవరుకే, తరువాత సంజాయిషీ కూడ అతనినే అడుగుదురు! రైలు స్టేషనులోనికి వచ్చునప్పుడు క్యారేజి సిబ్బంది ఇరుప్రక్కల నిలిచి చక్రముల శబ్దము వింటారు. ఆగగానే ఇరుసు పెట్టెల వేడి చూస్తారు. ఆ పాటి పరీక్ష తపాలా మోటారుకు ఏల ఉండరాదు? ఫిర్యాదు చేసిన డ్రైవరు చేతనే పరీక్షలో బండి నడిపించి, ఫలితమును లాగ్‌బుక్కులో వ్రాసి, పరీక్షించిన అధికారి సంతకము చేయవలెనని కోరుచున్నాము.