జవాబు రానివారి సాక్ష్యం ఎవరు వింటారు?



మన బరంపురం తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో కృతజ్ఞతా కూడికలకు కొదవ లేదు. ఇల్లు కట్టినా, అబ్బాయికి ఉద్యోగం వచ్చినా, అమ్మాయికి మెడిసిన్ సీటు వచ్చినా పాస్టరుగారిని పిలుస్తాం. పాటలు పాడతాం, సాక్ష్యం చెబుతాం, భోజనాలు పెడతాం. మంచిదే. పొందిన మేలు మరిచిపోవడం కన్నా నలుగురిలో చెప్పుకోవడం ఎంతో నయం.

అయితే వెనక వరుసలో కూర్చుని ఇవన్నీ వినేవారి సంగతేమిటి? మూడేళ్లుగా ఉద్యోగం వెతుకుతున్న కుర్రాడు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే పెద్దాయన, భర్త పోయాక ఇల్లు ఎలా గడపాలా అని లెక్కలు వేసుకునే అమ్మ... వీళ్లు మైకు దగ్గరికి వచ్చి ఏం చెప్పాలి? జీతం పెరగడమే దేవుని దయకు రుజువైతే, జీతం ఆగినవాడి మీద ఆయనకు దయ లేదనే కదా అర్థం! ఆ మాట మనం నోటితో అనం. కానీ మన కూడికలు అదే చెబుతున్నాయి. అందుకే కొందరు మెల్లగా రావడమే మానేస్తున్నారు.

సంతోషించమని ఫిలిప్పీయులకు పదే పదే రాసిన పౌలు ఆ పత్రిక రాసేనాటికి బంధకాల్లో ఉన్నాడు. బతుకుతాడో లేదో తెలియదు. తన అవసరానికి కానుక పంపినందుకు ఆ సంఘాన్ని మెచ్చుకున్నాడు. కానుక తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లాడని, అతను పోయి ఉంటే తన దుఃఖం ఇంకా పెరిగేదని దాచకుండా రాశాడు. సంతోషించమన్నవాడే తన దుఃఖాన్నీ ఒప్పుకున్నాడు. కాబట్టి క్రైస్తవ సంతోషమంటే ముఖానికి నవ్వు పులుముకోవడం కాదు. కష్టంలో దేవుడు మనల్ని విడువలేదని తెలుసుకోవడం. ఆ సంగతి చాలాసార్లు తోటి మనిషి తలుపు తట్టినప్పుడే తెలుస్తుంది.

మనకు స్తుతించడం నేర్పినవారు కూడా ఈ ప్రాంతం వారే. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఇప్పటికీ మన గుడుల్లో పాడుతున్నాం. అవి ఎక్కువగా సిలువ గురించి, రక్షణ గురించి చెబుతాయి. ఉద్యోగం ఉన్నవాడూ లేనివాడూ ఒకే గొంతుతో పాడగలరు. మన సాక్ష్యాలు కూడా అలా ఉండకూడదా?

ఆనందంగా ఉండాల్సిన చోట ఏడుపులెందుకు అని కొందరు అడగవచ్చు. కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. స్తుతుల పక్కనే ఎన్ని మొరలున్నాయో! ఆ మొరలను మన పెద్దలెవరూ తీసి పక్కన పెట్టలేదు.

మేము కోరేది ఇంతే. డిసెంబరు 31 రాత్రి కృతజ్ఞతా ఆరాధనలో, ప్రార్థనకు ఇంకా జవాబు రానివారిని కూడా మాట్లాడమని ముందే ఆహ్వానిద్దాం. ఆసుపత్రిలో రాత్రంతా తోడు కూర్చున్నవారికి, స్కూలు ఫీజు గుట్టుగా కట్టినవారికి పేరు బయటపెట్టకుండానే కృతజ్ఞత చెప్పుకుందాం. భోజనాల ఖర్చులో కొంత తగ్గించి, ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు బియ్యం, మందులు చేరుద్దాం. మేలు పొందినవారి సాక్ష్యం అక్కడితో ఆగిపోకుండా ఇంకొకరి ఇంటికి చేరాలి కదా.

కమిటీ పెద్దలు, యువకులు, స్త్రీల సమాజం వారు దీని గురించి ఆలోచించి, మీ మాట చెప్పండి. అంతకుముందే, ఈ మధ్య కూడికలకు రాని ఇల్లు ఏదైనా గుర్తొస్తే, ఈ ఆదివారమే ఒకసారి వెళ్లి పలకరించి రండి.