"హూ" పోతే పోనీ, "బై" ఎందుకు పోయింది?

మొన్న డిగ్రీ చదివే ఒక గోండు పిల్ల ఇచ్చోడలో నోట్‌బుక్ పట్టుకొచ్చింది. "సార్, మీరు తెలుగు సారే గానీ, జర ఇది చూడుండ్రి" అన్నది. ఆమె రాసిన వాక్యం మొదలు ఇది: "ది ఆదివాసీస్ హూ వర్ కిల్డ్ బై ద పోలీస్ ఎట్ ఇంద్రవెల్లి". కోచింగ్ సార్ దాన్ని ఎర్ర పెన్నుతో "ది ఆదివాసీస్ కిల్డ్ ఎట్ ఇంద్రవెల్లి" అని దిద్దిండు. పక్కన "షార్ట్ అండ్ స్వీట్" అని రాసిండు. ఇంద్రవెల్లిల స్వీటేంది?

వ్యాకరణం ప్రకారం ఆయన సగమే కరెక్టు. "హూ వర్" తీసెయ్యొచ్చు, "కిల్డ్" ఒక్కటి చాలు. "ది బాయ్ హూ ఈజ్ స్టాండింగ్ దేర్" అన్నా, "ది బాయ్ స్టాండింగ్ దేర్" అన్నా ఒకటే. (అన్ని చోట్లా నడవదు. "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్"ల హూ తీస్తే వాక్యం కూలిపోతది. మన పిల్లలు తప్పు చేసేది ఇక్కడనే. తెలుగుల "నిన్న వచ్చిన మనిషి" అంటే అయిపాయె, హూతో పనే లేదు.) కానీ హూతో పాటు "బై ద పోలీస్" కూడా పోవాలని ఏ రూలుంది?

1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్చిండ్రు. సర్కారు లెక్క 13 మంది. చచ్చిపోయినోళ్లు అంతకన్నా చాలా ఎక్కువని ఆదివాసులు ఇప్పటికీ అంటరు.

మన తెలుగుల "పోలీసులు చంపిన ఆదివాసులు" మూడే మాటలు. చంపినోళ్లు అందులనే ఉన్నరు. అయినా మనం "కాల్పుల్లో మృతి చెందిన" అని రాస్తం. "అణగారిన కులాలు" అంటం, వాటంతట అవే కుంగినట్టు. "వెనుకబడిన" కూడా అంతే. నా పీహెచ్‌డీల నేను పేజీకోసారి "అణగారిన" అని రాసిన. ఎవలు అణచిండ్రని వైవాల ఎవరూ అడగలే. అంబేడ్కర్ 1948ల అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంల "బ్రోకెన్ మెన్" అన్నడు గానీ ఆ మాట కాడ ఆగలే. ఎట్ల విరిగిండ్రు, ఊరవతలికి ఎట్ల చేరిండ్రు అని విప్పి చెప్పిండు.

"హూ వర్ తీసెయ్ బిడ్డా, బై ద పోలీస్ ఉంచు" అన్న.

"మార్కు పోతే?"

ఏం చెప్పాలె? పోతే పోవచ్చు అన్న.

రెండు రోజులకు మళ్లొచ్చింది. "హూమ్ ద పోలీస్ కిల్డ్" అని తిప్పి రాసింది. "ఇప్పుడు పోలీసును కొట్టెయ్యమనుండ్రి సార్, వాక్యమే ఉండదు" అన్నది.